బెంగళూరులో ఇల్లు: బాడుగకా, భోగ్యానికా?

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. హొరమావులో రెండు బెడ్‌రూముల ఇల్లు చూశాడట. "అన్నా, పదహారు లక్షలు కడితే మూడేళ్ళు బాడుగే లేదంట. ఖాళీ చేసేటప్పుడు పదహారు లక్షలూ తిరిగిస్తారంట. ఊరికే ఉన్నట్టే కదా?" అన్నాడు. గొంతులో ఆ హుషారు వింటే, మనసులో అప్పటికే సామాను దించేసుకున్నాడని అర్థమైంది.

బెంగళూరు వచ్చిన మనవాళ్ళకు ఈ ప్రశ్న ఒకసారైనా ఎదురవుతుంది. గేటుకు తగిలించిన బోర్డు మీద ‘బాడిగెగె’ అని ఉంటే నెలనెలా బాడుగ. ‘భోగ్యక్కె’ అని ఉంటే ఒకేసారి పెద్ద మొత్తం కట్టి, రెండేళ్ళో మూడేళ్ళో బాడుగ లేకుండా ఉండి, పోయేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకోవడం. మాటల్లో మాత్రం అందరూ లీజు అనే అంటారు. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. మదనపల్లె, అనంతపురం వైపువాళ్ళకు పొలాల విషయంలో తాతల నాటి నుంచి విన్న మాటే.

నేను ఈ ఊళ్ళో రెండు రకాలుగానూ ఉన్నాను. రామమూర్తినగర్‌లో భోగ్యానికి మూడేళ్ళు. కాగితం మీద మూడేళ్ళు, నిజానికి మూడేళ్ళ ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల సంగతి తర్వాత చెప్తాను. ముందు లెక్క చూద్దాం. మా తమ్ముడు ఆగింది అక్కడే.

లెక్కలో భోగ్యమే గెలుస్తుంది

వాడు చూసిన బిల్డింగులోనే కింది ఇల్లు బాడుగకు ఉంది. నెలకు 22,000, డిపాజిట్ 1,50,000. ఏడాదికి బాడుగ 2,64,000. డిపాజిట్ డబ్బు బ్యాంకులో ఉంటే 7 శాతం లెక్కన 10,500 వడ్డీ వచ్చేది, అదీ పోయినట్టే. మొత్తం 2,74,500.

భోగ్యానికి కట్టే 16 లక్షలు అదే 7 శాతానికి ఎఫ్‌డీ వేస్తే ఏడాదికి 1,12,000 వస్తుంది. భోగ్యం ఇంట్లో ఉండడానికి మీకయ్యే ఖర్చు ఆ వదులుకున్న వడ్డీయే. దాని మీద కట్టాల్సిన పన్ను కూడా తీసేస్తే ఇంకా తక్కువ, 20 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకు తొంభై వేల లోపే. పన్ను సంగతి పక్కన పెట్టినా ఏడాదికి 1,62,500 మిగులు. బాడుగ ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే మూడేళ్ళలో ఈ తేడా ఐదు లక్షల పాతిక వేలు దాటుతుంది. చిన్న మొత్తమేం కాదు.

ఇదంతా ఆ 16 లక్షలు మీ దగ్గర సొంతంగా ఉంటేనే. పర్సనల్ లోన్ తీసి కడదామనుకుంటే కథ మారిపోతుంది. 13 శాతానికి తీసుకుని మూడేళ్ళలో తీర్చాలంటే మొదటి ఏడు వడ్డీయే లక్షా ఎనభై వేల దగ్గర ఉంటుంది, ఈఎంఐ నెలకు 54 వేల దాకా వస్తుంది. 22 వేల బాడుగ తప్పించుకోవడానికి 54 వేల ఈఎంఐ నెత్తిన పెట్టుకున్నట్టు. అమ్మ నగలు బ్యాంకులో పెట్టి భోగ్యానికి దిగినవాళ్ళనూ చూశాను. వడ్డీ తక్కువేగానీ, ఇంటాయన డబ్బు ఆలస్యం చేస్తే నగలూ అక్కడే ఇరుక్కుంటాయి.

ఇప్పుడు అదే లెక్క ఇంటాయన వైపు నుంచి చూడండి. ఆయన ఆ ఇల్లు బాడుగకిస్తే ఏడాదికి 2,64,000 వచ్చేది. దాన్ని వదులుకుని మీ దగ్గర 16 లక్షలు తీసుకుంటున్నాడు. అంటే 16.5 శాతం వడ్డీకి అప్పు చేస్తున్నాడు. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు పది, పదకొండు శాతానికి ఇస్తుంది కదా, మరి ఆయన మీ దగ్గరికెందుకు వచ్చాడు?

తమ్ముడిని ఈ ప్రశ్నే అడిగాను. ఫోన్లో కాసేపు ఏమీ వినబడలేదు.

భోగ్యానికి దిగేవాళ్ళంతా తాము బాడుగకు ఉన్నామనే అనుకుంటారు. చేస్తున్న పని మాత్రం ముక్కూ మొహం తెలియని మనిషికి పదహారు లక్షలు అప్పివ్వడం. ఇల్లు ఆ అప్పుకు తాకట్టు, అందులో ఉండడం వడ్డీ. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు వంటగది, వెంటిలేషన్, పార్కింగు చూస్తాం. చూడాల్సింది ఇంటాయన అప్పుల సంగతి.

ఎవరికి అవసరం పడుతుంది?

అందరూ మోసగాళ్ళని కాదు. ముప్పై బై నలభై సైటులో నాలుగంతస్తులు లేపినవాళ్ళను తీసుకోండి. బి-ఖాతా (అనుమతులు సరిగాలేని ఇళ్ళకు కార్పొరేషన్ రాసే ఆస్తి రికార్డు) అయితే చాలా బ్యాంకులు లోను ఇవ్వవు. కింద ఒక ఇల్లు పూర్తికాగానే భోగ్యానికిచ్చి, ఆ డబ్బుతో పైది కడతారు. ఇది ఈ ఊళ్ళో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. కూతురి పెళ్ళి కోసమో, కొడుకు చదువు కోసమో ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. కష్టమంతా ఒక్కచోటే ఉంది: ఆ డబ్బు సిమెంటైపోయింది, కల్యాణమంటపమైపోయింది. మూడేళ్ళ తర్వాత మీకు తిరిగివ్వాలంటే ఆయన దగ్గర ఉండదు. మీ తర్వాత వచ్చేవాళ్ళు కడితేనే మీకొస్తుంది.

అసలు భయపడాల్సింది ఇంకో రకానికి. బ్యాంకు లోను ఇప్పటికే నిండా ఉండి, ఈఎంఐలు తప్పుతూ, ఆ గుంత పూడ్చడానికి మీ డబ్బు తీసుకునేవాళ్ళు.

ఆ ఎనిమిది నెలలు

2019లో మేం రామమూర్తినగర్ ఇంటికి 9 లక్షలు కట్టాం. ఇంటాయన కింది ఇంట్లోనే ఉండేవారు. పెద్దమనిషి, పండగకు ఒబ్బట్లు పంపేవారు. 200 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయించాం. రిజిస్ట్రేషనా? "అదెందుకు సార్, సుమ్మనే ఖర్చు" అన్నారు. నాకూ ఖర్చు తప్పిందని సంతోషమే.

2022లో గడువైపోయింది. పిల్లవాడి బడి దగ్గర ఇల్లు చూసుకున్నాం, రెండు నెలల ముందే చెప్పాం. ఆయన నవ్వుతూనే "ముందిన తింగళు కొడ్తీని సార్" అన్నారు, వచ్చే నెల ఇస్తానని. ఆ ‘ముందిన తింగళు’ ఎనిమిదిసార్లు వచ్చింది.

ప్రతి ఆదివారం ఇల్లు చూడ్డానికి ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. బెడ్‌రూములో మంచం మీద బట్టలు తీసి, వంటింట్లో గిన్నెలు సర్ది, ముక్కూ మొహం తెలియనివాళ్ళకు మా ఆవిడ ఇల్లు తిప్పి చూపించేది. మా డబ్బు రావాలంటే వాళ్ళకు ఇల్లు నచ్చాలి. బాత్‌రూము పైన చెమ్మ మరక ఉండేది, ఆ తలుపు దగ్గరగా వేసి ఉంచేవాళ్ళం. ఒకసారి కర్నూలు నుంచి వచ్చిన కుర్రజంట, ఇద్దరూ ఉద్యోగస్తులే, మెట్ల దగ్గర నన్ను తెలుగులో మెల్లగా అడిగారు: "అన్నా, ఇంటాయన మంచోడేనా?"

మంచోడే అన్నాను. అబద్ధం కాదు. డబ్బు ఎప్పుడిస్తాడని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. వాళ్ళు తీసుకోలేదు, వేరే సంగతి. తీసుకునుంటే ఈ రోజుకీ నాకు ముల్లులా ఉండేది.

బడి తెరిచే వేళకు ఆగలేక కొత్తింటికి మారాం. పాతింట్లో ఒక ఇనుప మంచం, ఒక ప్లాస్టిక్ బకెట్ వదిలి, తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. తాళం ఇచ్చేస్తే ఇక అడిగే ముఖం కూడా ఉండదని ఆఫీసులో ఒక కన్నడాయన చెప్పారు. అదే మంచి సలహా అయింది. ఐదు నెలలు ఆ ఇనుప మంచానికి ఒక ఇల్లు, మాకు ఒక ఇల్లు. కొత్తింటి బాడుగ 17,000 లెక్కన 85,000 పోయింది. ఎనిమిదో నెలలో రెండు విడతలుగా డబ్బొచ్చింది, పెయింటింగ్ కింద ఇరవై వేలు కోసుకుని.

ఇది బాగా ముగిసిన కథ. నాకు పోయింది వడ్డీ, నిద్ర. అసలు పోయినవాళ్ళు ఉన్నారు.

కాగితం సంగతి

చట్టంలో లీజంటే ఆస్తి బదిలీ చట్టం, 1882లో 105వ సెక్షన్ చెప్పేది. మన బెంగళూరు ‘లీజు’ దానికంటే 58(డి)లో ఉన్న స్వాధీన తనఖాకు దగ్గర: అప్పు కింద ఇల్లు స్వాధీనం చేయడం, వడ్డీకి బదులు అనుభవించడం. తేడా మాటల్లోనే అనుకోకండి. స్వాధీన తనఖా అయితే డబ్బు చేతికొచ్చేదాకా ఇల్లు అట్టిపెట్టుకునే హక్కు చట్టమే ఇస్తుంది. నేను ఇనుప మంచంతో చేసిన పని అప్పుడు కాగితంతోనే అయ్యేది. కాకపోతే అది రిజిస్టరై, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఉండాలి. ఏడాది దాటిన మామూలు లీజుకు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బాడుగ అగ్రిమెంట్లన్నీ 11 నెలలకే ఎందుకుంటాయంటే ఇదే కారణం. మూడేళ్ళ భోగ్యాన్ని నోటరీ స్టాంపు మీద రాసుకుంటే కోర్టులో ఆ కాగితం బలం చాలా తక్కువ.

రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ ఖర్చవుతుంది, అందుకే ఇంటాయనలు మొహం చిట్లిస్తారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో లెక్క వేయించి, అవసరమైతే మొత్తం మీరే పెట్టుకోండి. మూడేళ్ళలో మిగిలే ఐదు లక్షల ముందు అది పెద్ద బరువు కాదు. ఇంకో లాభం కూడా ఉంది. రిజిస్టరైతే ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితాలో కనబడుతుంది, ఇల్లు కొనడానికి వచ్చినవాడికి మీరున్నారని తెలుస్తుంది. ఖర్చు మీరే పెట్టుకుంటామన్నా రిజిస్ట్రేషన్ వద్దంటే మాత్రం ఆ ఇంటి మెట్లు దిగిపోవడం మేలు.

బ్యాంకు లోను ఉన్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. ముందే తాకట్టులో ఉన్న ఆస్తిని ఇంటాయన లీజుకివ్వాలంటే అదే చట్టంలో 65ఎ సెక్షన్ హద్దులు పెడుతుంది: న్యాయమైన బాడుగ ఉండాలి, ప్రీమియం గానీ ముందస్తు బాడుగ గానీ తీసుకోకూడదు, ఇల్లయితే మూడేళ్ళు దాటకూడదు. లోను కాగితాల్లో అంతకంటే గట్టి షరతులు కూడా ఉండొచ్చు. ఒకే మొత్తం కట్టించుకునే భోగ్యం వీటిలో ఎక్కడ ఇముడుతుంది? ఇంటాయన ఈఎంఐలు ఆపేస్తే బ్యాంకు సర్ఫేసీ చట్టం, 2002 కింద నోటీసిచ్చి, స్వాధీనం చేసుకుని వేలం వేస్తుంది. నోటీసు వచ్చాక బ్యాంకు అనుమతి లేకుండా ఆయన లీజుకివ్వడానికే వీల్లేదు. అప్పుడు మీరు డీఆర్‌టీ (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్) మెట్లెక్కి, నేనూ ఉన్నానండీ అని చెప్పుకోవాలి.

అందుకని డబ్బు కట్టకముందు చేయాల్సినవి చెప్తాను. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ కావేరి పోర్టల్‌లో ఈసీ తీయించండి, కనీసం పదిహేనేళ్ళది. ఒరిజినల్ పత్రాలు కళ్ళతో చూపించమనండి. జిరాక్సులే చూపిస్తే ఒరిజినల్స్ ఎక్కడో ఉన్నట్టు. పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న లోన్లు అన్నిసార్లూ ఈసీలో కనబడవు. వాటి కోసం సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కూడా వెతకాలి. ఆస్తి ఖాతా, ఆస్తి పన్ను రసీదు, బెస్కాం కరెంటు బిల్లు ఎవరి పేర్ల మీద ఉన్నాయో చూడండి. తండ్రి పేరుండి తండ్రి పోయుంటే కొడుకులు, కూతుళ్ళు అందరూ సంతకం పెట్టాలి. లోను ఉంది, అది మీరిచ్చే మొత్తం కంటే తక్కువ అనుకోండి, అప్పుడు మీ డబ్బు నేరుగా లోను అకౌంటుకే కట్టి, బ్యాంకు దగ్గర బాకీ లేదన్న లెటరు, ఒరిజినల్స్ విడుదల చేయించుకోవచ్చు. ఇంటాయన నిజంగా మంచివాడైతే దీనికి ఒప్పుకుంటాడు.

డబ్బంతా బ్యాంకు ద్వారానే. "సగం క్యాష్ ఇవ్వండి సార్" అంటే కుదరదనండి. అప్పుగా గానీ డిపాజిట్‌గా గానీ ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం. పైగా నగదుకు సాక్ష్యం ఉండదు. గడువు తేదీ వేసిన చెక్కు ఒకటి తీసుకోండి. ఆ తేదీ నుంచి మూడు నెలల లోపు వేయాలి. బౌన్సయితే 30 రోజుల్లో నోటీసివ్వాలి, ఆ తర్వాత ఆయనకు 15 రోజుల గడువు, అప్పటికీ కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు. ఆ ఎనిమిది నెలల్లో నా చేతిలో ఒక చెక్కు ఉండుంటే ‘ముందిన తింగళు’ రెండుసార్లతో ఆగేదేమో.

మధ్యలో కంపెనీ ఉంటే

ఇది ఒక్క ముక్కలో చెప్తాను: వద్దు. ఇంటాయన దగ్గర నెలబాడుగకు తీసుకుని, మీకు భోగ్యానికిచ్చే కంపెనీలుంటాయి. మీరిచ్చిన లక్షలు వాళ్ళ దగ్గర, ఇంటాయనకు నెలనెలా వెళ్ళేది వేలు. ఏదో ఒక నెల ఆ వేలు ఆగిపోతాయి. ఇంటాయన మీ తలుపు తట్టి "మీరెవరు?" అంటాడు. ఆయనకు మీ లక్షల సంగతే తెలియదు, తిరిగివ్వాల్సిన పనీ లేదు. ఈ ఊళ్ళో ఇలాంటివి పోలీసు కేసుల దాకా వెళ్ళాయి.

బాడుగకు దాని కష్టాలు దానివి

పది నెలల డిపాజిట్ బెంగళూరు పాత అలవాటు. ఇప్పుడు ఐదారు నెలలకు ఒప్పుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, బేరమాడండి. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండు నెలలు చాలంది గానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఇంటాయన ముందు చూపించి లాభం లేదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల బాడుగ కోత మామూలే. ఇల్లు ఎలా ఉందో దిగిన రోజే వీడియో తీసుకోండి.

డిపాజిట్ వెనక్కి రాదేమో అన్న భయం ఇక్కడా ఉంటుంది. కానీ చివరి నెలల బాడుగ "డిపాజిట్లో పట్టుకోండి" అనొచ్చు. ఇంటాయనకు నచ్చదు, అయినా నడుస్తుంది. భోగ్యంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

బాడుగకున్న అసలు సుఖం వెళ్ళిపోగలగడం. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఊరంతా పడిగాపులు పడినప్పుడు, మా పక్కింటి బాడుగవాళ్ళు నెల నోటీసిచ్చి కావేరి నీళ్ళున్న ఏరియాకు మారిపోయారు. పైఅంతస్తులో భోగ్యానికి ఉన్నాయన మాత్రం బిందెలతోనే ఎండాకాలం గడిపాడు, డబ్బు రాదు కాబట్టి. ఉద్యోగం వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి మారినా అంతే. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ మీదుగా రోజూ రెండుసార్లు ప్రయాణం చేసినవాడికి దాని ధర ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) గురించి అడిగేవాళ్ళకు: పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళు బాడుగ కడితే మినహాయింపు వస్తుంది, భోగ్యంలో నెలబాడుగ లేదు కాబట్టి రాదు. కొత్త విధానంలో ఉన్నవాళ్ళకు ఎలాగూ రాదు, పట్టించుకోకండి.

మధ్యేమార్గం ఒకటుంది. ఐదు లక్షలు డిపాజిట్, నెలకు పదిహేను వేలు బాడుగ లాంటిది. ఇరుక్కునే డబ్బు తక్కువ, బాడుగ కొంత తగ్గుతుంది, ఆలస్యమైతే బాడుగలో కోసుకోవచ్చు. బోర్డు మీద ఇది రాయరు, అడిగితేనే బయటికొస్తుంది.

నన్నడిగితే, భోగ్యం ఎవరికంటే: డబ్బు సొంతమై, అది ఏడాది ఆలస్యమైనా పెళ్ళో, ఇంటి రిజిస్ట్రేషనో ఆగిపోనివాళ్ళకు. ఉద్యోగం, బడి మూడేళ్ళు కదలవని ధైర్యం ఉన్నవాళ్ళకు. లోను లేని ఇల్లు దొరికి, ఇంటాయన రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకుంటే. ఇవన్నీ ఒకచోట కుదిరితే తీసుకోండి, ఐదు లక్షలు ఊరికే వదులుకోవడమెందుకు? ఊళ్ళో ఎకరం అమ్మిన డబ్బుతో, వచ్చే ఏడు సొంత ఫ్లాటు కొనాలని చూస్తున్నవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు. ఫ్లాటు అడ్వాన్సు ఇచ్చేనాటికి మీ డబ్బు ఇంకో కుటుంబం రాక కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

తమ్ముడు హొరమావు ఇంటాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. ఒరిజినల్స్ అడిగితే బ్యాంకులో ఉన్నాయన్నారట. "లాకర్లోనా, లోన్లోనా?" అని అడగమన్నాను. లోన్లోనేనట. ఎంత బాకీ ఉందంటే "అది మీకెందుకు సార్" అన్నారట.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. పక్కవీధిలోనే బాడుగకు ఇల్లు కుదిరిందట, 21,500, ఆరు నెలల డిపాజిట్. నీళ్ళు కావేరివా, బోరువా అని అడిగాను. కనుక్కోలేదంట.